ఏరు డ్రైనైన క్రమం: దిగువ కృష్ణా డెల్టాలో నీటి పనుల గుత్త – చారిత్రక పరిశీలన

నీటిపారుదల శాఖ దస్త్రాలలో ‘బుడమేరు డ్రైను’, ‘గుండేరు డ్రైను’, ‘రత్నకోడు డ్రైను’ అనే పేర్లు కనిపిస్తాయి. మొదటి రెండింటిలో ఏరు ఉంది. మూడవదానిలో కోడు ఉంది. ఊరివారు పెట్టిన పేరు దానిని జలప్రవాహంగా గుర్తించింది. తోకగా చేరిన ఆంగ్ల పదం మాత్రం దానిని మురుగు పోయే తవ్వకంగా మార్చింది. ఇది కేవలం పదాల చేర్పు కాదు. పని ఎవరికి అప్పగించాలి, దేనిని కొలిచి సొమ్ము చెల్లించాలి అన్న నిర్ణయాలు కూడా ఈ రెండవ పదాన్ని అనుసరించే సాగాయి. గుడివాడ పల్లపు భూములకూ దివిసీమ చిత్తడి నేలలకూ గడచిన నూటడెబ్బై ఏళ్లలో జరిగిన మేలు కీడులలో ఈ నిర్ణయాల పాలు చిన్నది కాదు.

ఆర్థర్ కాటన్ సూచనల నేపథ్యంలో, ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణలో బెజవాడ ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. సాగునీటి కాలువలు మెరకల మీదుగా సాగాయి. పొలం తడిపి మిగిలిన నీటిని పల్లాలలో అప్పటికే ఉన్న ఏర్లకూ పాయలకూ వదిలేశారు. పారుదలకు నీటితీరువా వస్తుంది, మురుగు పోవడానికి ఏమీ రాదు. ఖజానా లెక్కలో ఆదాయం చూపని ఏటికి మరామత్తు కూడా కరవే. ఆనాటి గ్రామీణ శ్రమపద్ధతికి ‘కుడిమరామత్తు’ అని పేరు: కుడి తమిళం, మరామత్తు ఉర్దూ ద్వారా వచ్చిన అరబ్బీ మాట. చెరువులకు, కాలువలకు ఊరంతా చేయవలసిన ఈ పనిని 1858 నాటి మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం శాసనంగా మార్చింది. గట్టు తెగే అపాయం వచ్చినప్పుడు మనుషులను రప్పించడానికి ఆ చట్టం పనికివచ్చింది. ఏడాది పొడుగునా ఏటిని కనిపెట్టి ఉండే బాధ్యతను మాత్రం అది ఎవరి మీదా పెట్టలేదు.

1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం, చుట్టుపక్కల పల్లెలలో సుమారు 30,000 మంది మరణించారు. మురుగు సముద్రంలో కలిసే పల్లమే ఉప్పెన నీరు లోపలికి చొరబడే దారి కూడా అన్న సంగతి తీరవాసులకు కొత్తది కాదు. అయినా ఏటిమొగలను, వాటి వెంబడి ఉన్న మడ అడవులను నీటి పనులలో భాగంగా చూసే ఆలోచన రావడానికి మరో శతాబ్దం పైగా పట్టింది.

డెల్టా ముంపు మీద 1964లో ఏర్పడిన మిత్ర సంఘం మురుగు సమస్యను సమగ్రంగా పరిశీలించింది. ఆ తరువాత 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకు డ్రైనేజి సెస్సు చట్టం వచ్చింది. 1985లో పెన్నా డెల్టాను కూడా చేర్చి మరో చట్టం చేశారు. ఏటికి ఎట్టకేలకు సొంత రాబడి దక్కింది. దానితోపాటే అంచనా పత్రం, టెండరు, కొలతల పుస్తకం కూడా వచ్చాయి. ఈ గుత్తలో కొలమానం తీసిన మట్టి: అడుగు వెడల్పు, పక్కవాలు, లోతు, పొడవు లెక్కకట్టి ఇన్ని ఘనపు మీటర్లకు ఇంత. గుర్రపుడెక్క, తూటికాడ తొలగింపునకూ ఇదే తీరు. గట్టున కుప్పవేసిన డెక్క తొలకరికి తిరిగి ఏట్లోకి జారినా బిల్లుకు లోటు రాదు. గుత్తేదారు నిజాయితీని శంకించనక్కరలేదు. అతడు ఒప్పుకున్నది మట్టి తీయడానికే గాని నీరు పారించడానికి కాదు.

గుడివాడ ప్రాంతం దీనికి మంచి ఉదాహరణ. చంద్రయ్య డ్రైను, బుడమేరు మోసుకొచ్చే నీరు కొల్లేరు చేరి, అక్కడి నుంచి ఉప్పుటేరు ద్వారానే సముద్రంలో కలవాలి. వాలు అతిస్వల్పం. ఉప్పుటేరు మొగ పూడితే ఎగువన ఎంత లోతు తవ్వినా నీరు నిలుస్తుంది. పనిని మాత్రం కిలోమీటర్ల వారీగా, రీచుల వారీగా ముక్కలు చేసి అప్పగిస్తారు. ఏ ముక్కకా ముక్క పూర్తయినట్లు ధ్రువపత్రం వస్తుంది, ఏరు పారినట్లు మాత్రం ఎవరూ సంతకం చేయరు. 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ఈ పనులలో కొన్నింటిని నీటి వినియోగదారుల సంఘాలకు ఇచ్చింది. అది ముందడుగే. కాని సంఘ సభ్యత్వానికి ఆయకట్టు ప్రాతిపదిక. మొగ దగ్గర వలవేసి బతికేవారికి అందులో స్థానం లేదు. ఏరు పూడిన సంగతి ముందుగా తెలిసేదేమో వారికే.

దివిసీమలో కథ వేరుగా నడిచింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది మరణించారు. అటుపిమ్మట కరకట్టలు, తుపాను ఆశ్రయాలు, సరుగుడు తోటలు వచ్చాయి. మడ అడవుల వైపు దృష్టి మళ్లడానికి మరికొంత కాలం పట్టింది. 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడింది. తొంబైల చివర అటవీశాఖ, ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాలలో గ్రామస్థులతో ఉమ్మడి యాజమాన్యం చేపట్టాయి.

అప్పటి పని తీరు వివరంగా చెప్పదగినది. తూర్పుతీరపు మడ అడవులలో విడతల వారీగా నరికిన చోట ఎండ తగిలి నేల తేమ కోల్పోయి కుంగుతుంది, తాంబాళంలా గుంటపడుతుంది. పోటుకు వచ్చిన నీరు ఆటుకు వెనక్కి పోక అక్కడే ఎండుతుంది. ఉప్పు పెరిగి మొలక నిలవదు. అందువల్ల మొక్క నాటడం కన్నా ముందు నీటికి దారి కావాలి. సహజమైన పాయ నుంచి గుంటలోకి పెద్ద కాలువ, దానికి ఇరువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. ఆటుపోట్లు తిరిగి ఆడి ఉప్పు కడుగుకుపోయాక కాలువ అంచుల వెంట తెల్లమడ, నల్లమడ మొక్కలు నాటుతారు. పోటు ఏ పాయలో ఎంత ఎత్తుకు వస్తుందో వేటకు వెళ్లేవారికి తెలుసు. మట్టి తవ్వినది, మొక్క నాటినది, పశువులు పడకుండా కాపలా కాసినది కూడా వన సంరక్షణ సమితుల మనుషులే.

ఇక్కడ గుత్త స్వభావమే మారింది. ఎంత మట్టి తీశారన్న లెక్క ఉంది. దానితోపాటు ఎన్ని మొక్కలు బతికాయన్న లెక్క కూడా చేరింది. తవ్విన చేతికి ఆ తవ్వకం ఫలితంతో సంబంధం ఏర్పడింది. కుడిమరామత్తులోని ఊరి బాధ్యత, టెండరులోని కూలి హామీ, ఈ రెండూ కొంతవరకు ఒకచోట కలిసిన సందర్భం డెల్టా చరిత్రలో బహుశా ఇదే. దీనిని ఆదర్శంగా ఎత్తిచూపడం మాత్రం తొందరపాటు. ప్రతి పోటూ ఒండ్రు తెస్తుంది, పిల్లకాలువలకు ఎప్పటికప్పుడు పూడిక తీయాలి. ప్రాజెక్టు గడువు తీరాక ఆ కూలి ఎవరివ్వాలన్న ప్రశ్నకు ఒప్పంద పత్రాలలో గట్టి సమాధానం లేదు. ఎగువ జలాశయాలలో ఆగిపోతున్న మంచినీరు, ఒండ్రు ఏ గ్రామ సమితి చేతిలోనూ లేవు.

2024 సెప్టెంబరులో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడ మునిగింది. యుద్ధప్రాతిపదికన గండ్లు పూడ్చారు. నగరంలో నీరు తీసిన తరువాత కూడా దిగువన గుడివాడ దగ్గరి నందివాడ మండలం పొలాలలో ముంపు కొన్నాళ్లు నిలిచింది. ఆ నీరు కొల్లేరు దాటి ఉప్పుటేరు మొగ చేరవలసి ఉంది.