భిలాయిలో పదో తరగతి తర్వాత: వృత్తి ధ్రువపత్రాల ఎంపిక, వలస తెలుగు కుటుంబాలు

పదో తరగతి ఫలితాలు వచ్చే రోజుల్లో ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి తెలుగు ఇళ్లలో చర్చంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఏం చదివితే ఉక్కు ప్లాంటులో ఉద్యోగం వస్తుంది? ఐటిఐలో ఫిట్టర్ చేయించాలా, పాలిటెక్నిక్‌కు పంపాలా, పదకొండులో లెక్కలు ఇప్పించి ఇంజనీరింగ్ దాకా చదివించాలా? తాతల కాలంలో ఆ ప్రశ్న ఒక్కటే సరిపోయింది. ఇప్పుడు అదొక్కటే అడగడం వల్ల పిల్లలకు నష్టం జరుగుతోందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. వలస వచ్చిన కుటుంబం ఒక ధ్రువపత్రాన్ని చూసేటప్పుడు ముందుగా తేల్చుకోవలసినవి రెండు: అది ఏయే రాష్ట్రాల్లో చెల్లుతుంది, దాని మీద ఇంకేం చదవనిస్తారు. చట్టాలు, బోర్డు నిబంధనలు, నియామక అర్హతలు, భిలాయి శ్రామిక జీవితంపై వచ్చిన పరిశోధన ఈ పరిశీలనకు ఆధారాలు.

ప్లాంటు నీడలో పెరిగిన ఆశ

భిలాయి ఉక్కు కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకున్నాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ఆ ప్లాంటుకు దేశం నలుమూలల నుంచీ జనం తరలివచ్చారు. రాయపూర్–విజయనగరం రైలు మార్గం ఉండనే ఉంది కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల వాళ్లు పెద్ద సంఖ్యలో ఇక్కడికి చేరారు. ఖుర్సీపార్, క్యాంపు బస్తీలు మొదలుకొని ప్లాంటు టౌన్‌షిప్ సెక్టార్ల క్వార్టర్ల దాకా తెలుగు వినిపించే ఊరు అలా తయారైంది. ఆ తరంలో చాలామందికి చదువు తక్కువ. పని పనిలోనే నేర్చుకున్నారు. ఉద్యోగంతో పాటు క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు మంచి బడి వచ్చాయి.

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ దశాబ్దాల పాటు భిలాయిని అధ్యయనం చేసి 2020లో ‘క్లాసెస్ ఆఫ్ లేబర్’ అనే గ్రంథం వెలువరించారు. పర్మినెంటు ఉద్యోగులకూ కాంట్రాక్టు కూలీలకూ మధ్య ఉన్నది జీతం తేడా ఒక్కటే కాదని, ఆ రెండు వర్గాల జీవితాలే వేరైపోయాయని ఆయన నిరూపించారు. పిల్లల చదువు, పెళ్లి సంబంధాలు, భవిష్యత్తు మీద నమ్మకం, అన్నిటిలోనూ ఆ గీత కనిపిస్తుంది. వృత్తి విద్య చర్చకు ఈ పరిశీలన చాలా కీలకం. ఎందుకంటే ఒకే ఫిట్టర్ సర్టిఫికెట్ పట్టుకున్న ఇద్దరిలో ఒకరు గీతకు ఇవతల, మరొకరు అవతల తేలవచ్చు. ఒకప్పుడు సర్టిఫికెట్టే ఆ గీత దాటించేది. రెగ్యులర్ నియామకాలు తగ్గి, కాంట్రాక్టు పని పెరిగిన ఈ రోజుల్లో దానికి ఆ శక్తి తగ్గిపోయింది.

అర్హతల నిచ్చెన

భిలాయి ప్లాంటును నడిపే సెయిల్ నియామకాల్లో ఐటిఐ వారికీ డిప్లొమా వారికీ మెట్లు వేరు. పదో తరగతి, ఐటిఐ ఉన్నవారిని అటెండెంట్-కమ్-టెక్నీషియన్ ట్రైనీగా ఎస్-1 గ్రేడు వైపు తీసుకుంటారు. మూడేళ్ల డిప్లొమా ఉన్నవారిని ఆపరేటర్-కమ్-టెక్నీషియన్ ట్రైనీగా ఎస్-3 వైపు తీసుకుంటారు. రెండింటికీ పోటీ పరీక్ష ఉంటుంది. దేశంలో ఎక్కడివారైనా రాయవచ్చు. తండ్రి ముప్పై ఏళ్లు కోక్ ఓవెన్లలో పనిచేసినా కొడుకు ఆ వరుసలో నిలబడాల్సిందే.

అప్రెంటిస్‌గా చేరితే ఉద్యోగం ఖాయమన్న నమ్మకం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. చట్టం అలా చెప్పదు. అప్రెంటిసుల చట్టం 1961లో వచ్చింది. 2014 సవరణ తర్వాత దాని 22వ సెక్షన్ ప్రకారం, శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లను నియమించుకునే విషయంలో ప్రతి యజమానీ సొంత విధానం రూపొందించుకోవాలి. ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన లేదు. కాబట్టి ఏడాది అప్రెంటిస్‌షిప్‌ను అనుభవంగా, జాతీయ అప్రెంటిస్‌షిప్ ధ్రువపత్రానికి దారిగా చూడడం న్యాయం. దాన్ని ఉద్యోగానికి అడ్వాన్సుగా లెక్కవేసుకున్న కుటుంబం తర్వాత కుంగిపోతుంది.

అదే సవరణ తెచ్చిన మరో నియమం భిలాయికి నేరుగా వర్తిస్తుంది, అయినా దాని గురించి బడిలో ఎవరూ చెప్పరు. అప్రెంటిస్‌కు కనీస వయసు 14 ఏళ్లు. ప్రమాదకర పరిశ్రమలకు సంబంధించిన నిర్దేశిత ట్రేడుల్లో మాత్రం 18 ఏళ్లు. ఫ్యాక్టరీల చట్టం మొదటి షెడ్యూలు ప్రమాదకర ప్రక్రియలున్న పరిశ్రమల పట్టికలో సమగ్ర ఉక్కు కర్మాగారాలను చేర్చింది. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను ప్రమాదంలో పదిమందికి పైగా కార్మికులు చనిపోయిన ఊరు ఇది. ఈ వయసు నిబంధన ఎందుకు అవసరమో ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు. అయితే ఎంపికపై దాని ప్రభావం లెక్కగట్టాలి. పదహారేళ్లకు పది పాసై ఏడాది వెల్డర్ కోర్సు చేసిన కుర్రాడు పదిహేడేళ్లకే సర్టిఫికెట్‌తో బయటికి వస్తాడు. వయసు చాలక ఏడాది ఖాళీగా ఉండవచ్చు, ఆ ఖాళీలోనే ఏ కాంట్రాక్టరు కిందో రోజుకూలీగా చేరిపోవచ్చు. రెండేళ్ల ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడుల్లో చేరినవాళ్లకు కోర్సు ముగిసేసరికి పద్దెనిమిది నిండుతాయి. ‘తొందరగా అయిపోయే కోర్సు’ పేద ఇంటికి ఎంత ఆకర్షణీయమో నాకు తెలుసు. ఆ తొందరలో కలిసొచ్చే కాలం మాత్రం కొన్నిసార్లు ఏమీ ఉండదు.

రెండు రాష్ట్రాల మధ్య

భిలాయి తెలుగు విద్యార్థి సమస్య మిగతా పిల్లల సమస్య కంటే ఒక మెట్టు కఠినం. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్సీ ధ్రువీకరణకు కుటుంబం 1950 ఆగస్టు 10 నాటికే, ఎస్టీ ధ్రువీకరణకు 1950 సెప్టెంబరు 6 నాటికే ఈ ప్రాంతంలో ఉన్నట్లు ఆధారం చూపాలి. ప్లాంటు ఒప్పందమే 1955 నాటిది. ప్లాంటు కోసం వచ్చిన ఆంధ్ర దళిత కుటుంబం ఏదీ ఆ తేదీని అందుకోలేదు. ఓబీసీలకు గడువు 1984 డిసెంబరు 26 కాబట్టి పాత కుటుంబాలు కొన్ని దాన్ని దాటగలవు. కానీ ఆంధ్రలో బీసీ జాబితాలో ఉన్న కులం పేరు ఇక్కడి జాబితాలోనూ ఉండాలి కదా.

ఇది భిలాయి ఒక్కదాని కథ కాదు. సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పిన మర్రి చంద్రశేఖరరావు కేసు ఇలాంటిదే. తెనాలిలో పుట్టిన విద్యార్థి, ఆంధ్రలో ఎస్టీగా గుర్తింపు ఉన్న కుటుంబం, మహారాష్ట్రలో ప్రభుత్వ రంగ ఎరువుల సంస్థలో తండ్రి ఉద్యోగం. బొంబాయి వైద్య కళాశాలలో ఆ కోటా కింద సీటు అడిగితే, ఒక రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్‌కు పనికిరాదని కోర్టు తేల్చింది. ప్రభుత్వ రంగ సంస్థ పిలిస్తే వెళ్లిన తండ్రి చేసిన ప్రయాణానికి పిల్లలు కట్టిన మూల్యం ఇది. తీర్పు వెనుక రాజ్యాంగ తర్కం ఉందని ఒప్పుకుంటూనే, ఆ మూల్యం అన్యాయమైనదని నేను భావిస్తున్నాను.

పోనీ సొంతూరికి పంపుదామంటే అక్కడా చిక్కే. రాజ్యాంగం 371-డి అధికరణం కింద వచ్చిన 1974 రాష్ట్రపతి ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్‌లో స్థానికులకు 85 శాతం సీట్లు కేటాయించింది. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండడం ముఖ్యమైన కొలమానం. సెక్టార్ బడిలో పదేళ్లు చదివిన పిల్లవాడు అమ్మమ్మ ఊళ్లో పాలిటెక్నిక్‌కు దరఖాస్తు చేస్తే స్థానికేతరుడవుతాడు. ఇంటికి తెలుగువాడు, అక్కడి కాగితాల్లో బయటివాడు.

ఇలా పుట్టుకతో వచ్చే కాగితాలు రెండు చోట్లా ఆగిపోతున్నప్పుడు, చదివి సంపాదించే కాగితం దేశమంతా చెల్లడం ఈ పిల్లలకు రెట్టింపు అవసరం. అందుకే ఐటిఐలో చేరేముందు ఆ ట్రేడుకు, ఆ యూనిట్‌కు జాతీయ స్థాయి అనుబంధం (వాడుకలో ఎన్‌సీవీటీ) ఉందో, రాష్ట్ర వృత్తి శిక్షణ మండలి అనుబంధం మాత్రమే ఉందో తేల్చుకోవాలి. జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్‌తో విశాఖలోనూ రూర్కెలాలోనూ పూణేలోనూ దరఖాస్తు చేసుకోవచ్చు. సంస్థ బోర్డు మీద ఉన్న పేరు చూసి సంతృప్తి పడకూడదు. ఒకే ప్రాంగణంలో కొన్ని ట్రేడులకు అనుబంధం ఉండి కొన్నిటికి లేకపోవచ్చు.

తెరిచి ఉన్న దారులు, మూసుకున్న దారులు

వృత్తి విద్యను ఇంటర్ స్థాయికి తేవాలన్న ఆలోచన కొత్తది కాదు. కొఠారీ కమిషన్ 1964–66లోనే చెప్పింది. 1986 జాతీయ విద్యావిధానం ప్లస్ టూ విద్యార్థుల్లో 1995 నాటికి 25 శాతాన్ని అటు మళ్లించాలని లక్ష్యం పెట్టుకుంది. అది నెరవేరలేదు. 2020 విధానం 2025కల్లా కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలంది. తల్లిదండ్రులు ఎందుకు జంకుతారో ఈ విధాన పత్రాలన్నీ తక్కువగా పట్టించుకున్నాయి. వృత్తి విద్యలోకి వెళ్తే మళ్లీ వెనక్కి రాలేమన్నదే వాళ్ల భయం.

ఆ భయం కొంతవరకు నిజం, కొంతవరకు పాతబడింది. సీబీఎస్ఈ బడుల్లో తొమ్మిది, పది తరగతుల నైపుణ్య సబ్జెక్టు అదనంగా ఆరోదిగా ఉంటుంది. లెక్కలు, సైన్సు, సోషల్‌లో ఒకదానిలో తప్పినా నైపుణ్య సబ్జెక్టు పాసైతే దాని స్థానంలో లెక్కలోకి తీసుకుంటారు. ఆ సబ్జెక్టు తీసుకోవడం వల్ల దారులేవీ మూసుకుపోవు. ఆంధ్ర, తెలంగాణల ఇంటర్ వొకేషనల్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఇంజనీరింగ్ వైపు తిరగాలంటే బ్రిడ్జి కోర్సు రాయాలి. ఐటిఐ రెండేళ్లు చేసినవారికి డిప్లొమా రెండో ఏడాదిలో, డిప్లొమా చేసినవారికి బీటెక్ రెండో ఏడాదిలో లేటరల్ ప్రవేశం ఉంది. 2016లో జాతీయ సార్వత్రిక విద్యాపీఠంతో కుదిరిన ఒప్పందం వల్ల, పది తర్వాత ఐటిఐ చేసినవారు నిర్ణీత పరీక్షలు రాసి పన్నెండో తరగతికి సమానమైన అర్హత పొందవచ్చు. ఇవన్నీ ఉన్న దారులే. వీటన్నిటిలో దెబ్బతీసేది లెక్కలే. రెండేళ్లు లెక్కల పుస్తకం పక్కన పెట్టినవాడు డిప్లొమా రెండో ఏట ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్ ముందు నిలవలేడు. సీటు దొరుకుతుంది, సబ్జెక్టు దాటదు.

చేతిపని అసలు ఏమిటి

ట్రేడు ఎంపిక చేసే పిల్లల్లో చాలామంది ఆ పనిని ఒక్కసారైనా దగ్గరగా చూసి ఉండరు. ఫిట్టర్ ట్రేడులో మొదటి నెలలంతా ఆకురాయితోనే గడుస్తాయి. వైస్‌లో బిగించిన ఇనుప ముక్కను రాకి, ట్రై స్క్వేర్ ఆనించి, వెలుతురుకేసి ఎత్తి చూడాలి. సందులోంచి సన్నటి వెలుగు గీత కనిపిస్తే మళ్లీ రాకాలి. ఆ తర్వాత మేల్–ఫీమేల్ ముక్కలు తయారుచేసి ఒకదానిలో ఒకటి కూర్చాలి. కొలత మిల్లీమీటరులో వందో వంతుల్లో ఉంటుంది. భుజాలు నొప్పెడతాయి, అరచేతులు కాయలు కాస్తాయి. ‘చదువురానివాళ్ల పని’ అన్నమాట ఆ బెంచీ దగ్గర ఒక్క వారం నిలబడినవాళ్లెవరూ అనరు.

వెల్డింగులో సర్టిఫికెట్‌కూ చేతికీ మధ్య దూరం ఇంకా ఎక్కువ. ఐటిఐ పాసైన వెల్డరును బాయిలరు పైపుల మీద పనిచేయనివ్వరు. భారత బాయిలరు నిబంధనల కింద వేరే పరీక్ష నెగ్గాలి. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపును చుట్టూ తిరిగి అతికే 6జీ పరీక్ష నెగ్గినవారికి పైపులైన్లలో, గల్ఫ్ రిఫైనరీల్లో మంచి గిరాకీ. కాంట్రాక్టు కూలీగా మిగిలిపోవడం, కోరిన చోటికి వెళ్లగలగడం అన్న రెంటి మధ్య తేడాను తరచూ ఇలాంటి రెండో సర్టిఫికెట్టే తెస్తుంది. ఇంట్లో మొదటి సర్టిఫికెట్ గురించే మాట్లాడుకుంటారు.

ఆడపిల్లల విషయంలో ఎంపిక అసలు జరగడమే లేదు. కంప్యూటర్ ఆపరేటర్ కోర్సో, కుట్టుపనో ముందే ఖాయమైపోతుంది. 70 లక్షల టన్నుల విస్తరణతో వచ్చిన కొత్త యూనిట్లలో, యూనివర్సల్ రైల్ మిల్లులో చాలా పని కంట్రోల్ గదుల నుంచి జరుగుతుంది. అక్కడ కావలసింది సెన్సర్లు, డ్రైవులు, ప్యానెళ్లు తెలిసినవాళ్లు. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులను అమ్మాయిల ముందు పెట్టకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు.

ఈ సమాచారం అంతా ఇప్పుడు ఫలితాల తర్వాత, దరఖాస్తుల హడావుడిలో, దూరపు బంధువు నోటి నుంచి చేరుతోంది. తొమ్మిదో తరగతి రెండో అర్ధభాగంలోనే బడి దీన్ని తల్లిదండ్రులకు అందించాలి. ట్రేడు అనుబంధం ఏది, కోర్సు ముగిసేనాటికి పిల్లల వయసెంత, లెక్కలు కొనసాగుతాయా, కుల, స్థానికత పత్రాలు ఏ రాష్ట్రంలో చెల్లుతాయి అన్నవి అందులో ఉండాలి. ఐటిఐ వర్క్‌షాపు ఒకటి చూపించాలి. తెలుగు సంఘాలు, గుడి కమిటీలు ఈ కాగితాల పనిలో కుటుంబాలకు సాయపడగలవు. దరఖాస్తు హిందీలో నింపాల్సివచ్చే మొదటి తరం తల్లులకు ఆ సాయం చాలా అవసరం.