ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సు

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున నల్లజాతివారు తరతరములుగా నివసించుచుండిన హిల్ డిస్ట్రిక్టు అను పేట, 1950ల నాటి నగర పునర్నిర్మాణ సంరంభమున దిగువ భాగమంతయు నేలమట్టమై, సుమారు 8,000 మంది చెదరిపోగా, మిగిలినవారి దారిద్ర్యముతోను, ప్రభుత్వమనిన అపనమ్మకముతోను కాలము గడపుచుండెను. ఆ రోజులలో అచ్చట ఎవరికైన గుండెనొప్పి వచ్చినచో కబురంపవలసినది పోలీసులకే. త్రాగుబోతులను, నేరస్థులను స్టేషనునకు చేర్చు బండియే రోగులకును వాహనము. ఇద్దరు పోలీసులు వచ్చి, రోగిని స్ట్రెచ్చరుతో వెనుక భాగమునకెక్కించి, తలుపు బిగించి, తామిద్దరును ముందు కూర్చుండి బండి తోలుకొనిపోవుచుండిరి. త్రోవలో ఊపిరి ఆగిపోయినను చూచు దిక్కు లేదు. ఆ పోలీసులలో అత్యధికులు తెల్లవారగుటచే, ప్రాణము మీదికి వచ్చినను వారిని పిలుచుటకు పేటవాసులు జంకెడివారు.

ఆ కూల్చివేత జరిగిన కాలమున నగర మేయరుగానుండి, పిదప రాష్ట్ర గవర్నరైన డేవిడ్ లారెన్సు 1966 నవంబరులో ఒక ఎన్నికల సభలో కుప్పకూలగా, ఆయనను గూడ పోలీసులే ఆసుపత్రికి చేర్చిరి. గుండె తిరిగి కొట్టుకొన్నను మెదడు కోలుకొనక, కొన్ని వారములలోనే ఆయన గతించెను. హిల్ డిస్ట్రిక్టు దినదినము అనుభవించుచుండిన దుఃస్థితి పాలకులకు తమ ఇంటి కష్టముగా తోచుటకు ఇంతటివాడు పోవలసివచ్చెను.

నోటితో ఊపిరూది ప్రాణము నిలుపు పద్ధతిని శాస్త్రీయముగా నిరూపించినవారిలో అగ్రగణ్యుడు, ఆ ఏడే ఉబ్బసముచే కుమార్తెను కోల్పోయినవాడు అయిన డాక్టర్ పీటర్ సాఫర్, ఫిల్ హాలెన్ అను దాతృసంస్థాధికారియు, పేటలో కూరగాయలు అమ్మించుచుండిన ఫ్రీడమ్ హౌస్ సంస్థయు కలిసి, ఉద్యోగము లేనివారిని, హైస్కూలు ముగింపనివారిని, వియత్నాం యుద్ధమునుండి తిరిగివచ్చినవారిని 1967లో చేరదీసి, సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చిరి. శరీరశాస్త్రము చదివి, శస్త్రచికిత్సాగారములలో నిలిచి శ్వాసనాళమున గొట్టము చొప్పించుట నేర్చిన ఆ యువకులు 1968లో అంబులెన్సులపై పని ప్రారంభించి, తొలి ఏట సుమారు 5,800 పిలుపులకు పరుగెత్తిరి. 200 ప్రాణములు దక్కెనని సాఫర్ లెక్క.

పోలీసులతో వైరము ఇచ్చటనే మొదలయ్యెను. రోగులను మోయుట పోలీసులకు ప్రీతికరమైన పని కాదు. అయినను ఆ పనిని నల్లవారు తమకంటె మెరుగుగా చేయుటను వారిలో పలువురు ఓర్వజాలకపోయిరి. పిలుపులు ముందుగా పోలీసులకే చేరుచుండుటచే, కొన్ని ఫ్రీడమ్ హౌస్‌కు అందకయే పోవుచుండెను. అందుచే వీరు పోలీసు రేడియోను వినుచు, పోలీసు బండికంటె ముందు చేరుటకు పందెము వేసినట్లు పరుగెత్తుచుండిరి. సంపన్నులైన తెల్లవారి పేటలకు మాత్రము ఇంకను పోలీసు బండియే గతి. ఆ సంపన్నులు తమకును అట్టి అంబులెన్సే కావలెనని కోరసాగిరి. కాని మేయరు పీటర్ ఫ్లాహెర్టీ ఫ్రీడమ్ హౌస్ సేవను నగరమంతటికి విస్తరింపజేయుటకు మారుగా, నగరమే స్వయముగా అంబులెన్సులు నడుపుటకు నిశ్చయించెను.

1975 అక్టోబరులో ఫ్రీడమ్ హౌస్ మూతపడెను. దాని వైద్యాధికారిణి డాక్టర్ నాన్సీ కారొలిన్ పట్టుదలచే ఉద్యోగులను నగరము చేర్చుకొనెను గాని, కలిసి పనిచేసిన జట్లను విడదీసి, వారికంటె అనుభవము తక్కువైన తెల్లవారి క్రింద నియమించి, క్రొత్త పరీక్షలు పెట్టెను. నిన్నటిదాక రోగి నాడి పట్టిన చేతికి నేడు సంచి మోయు పని దక్కెను. పరీక్షించినది నైపుణ్యమును కాదు, ఓర్పునని నా అభిప్రాయము. కొలది ఏండ్లలో అనేకులు వైదొలగిరి. వారి నడుమ వీధులలో పనిచేసిన అనుభవముతో కారొలిన్ రచించిన పాఠ్యగ్రంథము దేశమంతటను పారామెడిక్కులకు ఆధారమయ్యెను. నిలిచినవారిలో జాన్ మూన్ ఆ నగర అంబులెన్సు శాఖలోనే ఉపప్రధానాధికారి పదవి నందుకొని, 2009లో విశ్రాంతి గైకొనెను.