ఎలిమెంట్ పోయిందనే ముందు

బీరు ఇంట్లోనే కాచుకునే అలవాటున్న బ్రిటన్, అమెరికాల్లో బాయిలర్ మరగడం మానేసిందంటే ముందుగా అనుమానించేది లోపలి హీటింగ్ ఎలిమెంట్‌నే. మన ఇళ్లలో గీజరు నీళ్లు కాగకపోయినా నింద మోసేది అదే. ఒకప్పుడు ఈ అనుమానానికి గట్టి ఆధారం ఉండేది. ఇప్పుడు చాలావరకు లేదు. ఎలిమెంట్ తయారీ మెరుగుపడిన కొద్దీ లోపం తీగను వదిలి దాని చుట్టుపక్కలకు జరుగుతూ వచ్చింది. తీగను కప్పే గొట్టం మీది మాడు, మితిమీరి కాగితే కరెంటు ఆపే కట్-అవుట్, ప్లగ్గు పిన్నులు, గొట్టంలోని పొడికి పట్టిన తేమ నేటి అసలు నేరస్తులు. ఈ క్రమం తెలియకుండా చేసే మరమ్మతు బాగున్న భాగాన్ని తీసేసి చెడినదాన్ని అలాగే వదిలేస్తుంది.

తీగలో కరెంటు పారితే ఎంత వేడి పుడుతుందో లెక్క తేల్చిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ఇంగ్లండ్‌లోని శాల్‌ఫర్డ్‌లో బీరు తయారీదార్ల ఇంట పుట్టినవాడు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందన్న సూత్రాన్ని 1841లో ప్రచురించాడు. కుటుంబపు బ్రూవరీని అమ్మింది 1854లో. సూత్రం దొరికినా, ఆ వేడిని భరించే తీగ దొరకడానికి అరవై ఏళ్ల పైనే పట్టింది. ఎర్రగా కాగిన ఇనుప తీగ గాలి తగిలి పొరలు పొరలుగా రాలి తెగిపోయేది. ప్లాటినం నిలిచేది గానీ దాని ధర ఇళ్లకు అందేది కాదు. 1890ల నాటి విద్యుత్ కెటిళ్లలో తీగ పాత్ర అడుగున వేరే అరలో ఉండేది కాబట్టి వేడి నీటికి నెమ్మదిగా చేరేది, తీగ మాత్రం మితిమీరి కాగేది. ఆనాడు పనిచేయని కెటిల్‌లో తీగే తెగిందనుకోవడం సబబే. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ పేటెంట్ పొందిన నికెల్-క్రోమియం మిశ్రమం, అంటే నిక్రోమ్, ఈ పరిస్థితిని మార్చింది. వేడెక్కగానే దాని పైన క్రోమియం ఆక్సైడ్ పొర కడుతుంది, ఆ పొరే లోపలి లోహానికి కాపలా.

రెండో మలుపు తీగను గొట్టంలో పెట్టి నేరుగా నీటిలో ముంచడం. 1922లో బర్మింగ్‌హామ్‌లోని బుల్‌పిట్ సంస్థ ఇంజనీర్ ఆర్థర్ లెస్లీ లార్జ్ స్వాన్ కెటిల్ కోసం ఆ పని చేశాడు. తర్వాత లోహపు గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టించే పద్ధతి స్థిరపడింది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. ఇంత చక్కని పదార్థానికి ఒక్కటే బలహీనత: గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గొట్టం చివరి సీలు కాస్త సడలినా, నెలల తరబడి మూలన పెట్టిన బాయిలర్‌ను ఆన్ చేయగానే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకర్ పడిపోవచ్చు. లోపలి తీగకు ఏమీ కాలేదు. ఎలిమెంట్‌ను ఊడదీసి కొన్ని గంటలు సన్నని వేడిలో ఆరబెడితే చాలాసార్లు కోలుకుంటుంది.

అసలు కథ ముదిరింది బ్రిటన్‌లో. ఇంట్లో బీరు కాయడానికి 1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం పెట్టిన లైసెన్సును 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఎత్తేశాడు. బీరుకు కావలసిన మాల్ట్ రసాన్ని 25 లీటర్ల దాకా మరగబెట్టాలంటే వంటింటి పొయ్యి చాలదు. అందుకని ప్లాస్టిక్ బకెట్‌కు బెజ్జం పెట్టి కెటిల్ ఎలిమెంట్ బిగించడం మొదలైంది. పొదుపైన, తెలివైన పనే, కానీ లెక్క వేసి చూడాలి. 2.4 కిలోవాట్ల ఎలిమెంట్‌కు లీటరున్నర నీటిని 20 డిగ్రీల నుంచి మరిగించడానికి మూడున్నర నిమిషాలు చాలు. అదే 25 లీటర్లకు దాదాపు గంట, ఆపైన గంట నుంచి గంటన్నర మరుగు. నాలుగు నిమిషాల పనికి చేసిన పిన్నులు రెండు గంటలకు పైగా 10 ఆంపియర్లు మోయాలి. 70 డిగ్రీలకు మించి తట్టుకోలేని మామూలు కంప్యూటర్ పవర్ కార్డును తగిలిస్తే ప్లగ్గు కరిగిపోవచ్చు. అదీగాక మాల్ట్ రసంలోని చక్కెరలు, మాంసకృత్తులు గొట్టానికి అంటుకుని పాలగిన్నె అడుగంటినట్టు మాడతాయి. మాడు వేడిని లోపలే బంధిస్తుంది. ఎలిమెంట్ తలకు ఆనుకుని ఉండే బైమెటల్ కట్-అవుట్ పాత్ర ఎండిపోయిందనుకుని కరెంటు ఆపేస్తుంది. అది తన పని తాను సరిగ్గా చేసింది. దాన్ని చెడిన భాగంగా భావించి దాటవేసినవాళ్లు ప్రాణరక్షణను తీసేసుకున్నారు.

ఎలిమెంట్ చవక, మార్చి చూస్తే సరిపోదా అని కొందరంటారు. ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉంటే కొత్త ఎలిమెంటూ అదే దారి పడుతుంది, ఖర్చు రెట్టింపవుతుంది. మల్టీమీటర్ ఉండగా ఇంత చర్చ ఎందుకన్నది రెండో అభ్యంతరం. ప్లగ్గు తీసి ఓమ్ములు కొలవడం మంచిదే. 230 వోల్టుల 2.4 కిలోవాట్ల ఎలిమెంట్ 22 ఓమ్ములు చూపాలి. నిక్రోమ్ నిరోధకత వేడికి పెద్దగా మారదు కాబట్టి చల్లగా ఉన్నప్పటి కొలత నమ్మదగినదే. అయితే అది తీగ గురించే చెబుతుంది. తేమ పట్టిన పొడిలోని లీకు మల్టీమీటర్ వాడే కొద్ది వోల్టులకు బయటపడకపోవచ్చు, దానికి 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టర్ కావాలి. తీగలు నిజంగా తెగవా అంటే, తెగుతాయి. ఖాళీ పాత్రలో ఆన్ చేసినా తెగుతాయి, బ్లీచుతో కడగగా స్టీలు గొట్టానికి చిల్లులు పడినా పాడవుతాయి. సున్నపు పొరను సిట్రిక్ యాసిడ్‌తో కరిగించడమే మేలు. ఖాళీగా ఆన్ చేసినా, బ్లీచు వాడినా చావుకు కారణం బయటే ఉందని గమనించాలి.

అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో ఇంటి బీరుకు అడ్డు తొలగాక, అక్కడివాళ్లు వాటర్ హీటర్ల 5,500 వాట్ల ఎలిమెంట్లను ఎంచుకున్నారు. అంతే శక్తిని పొడవాటి, మడతలు పడ్డ గొట్టం మీద పరిచే రకాలు మాడును బాగా తగ్గించాయి. నా దృష్టిలో ఇంటి బాయిలర్లకు జరిగిన అతి పెద్ద మేలు ఇదే. అయితే ఇంత పెద్ద ఎలిమెంట్‌ను ఆన్-ఆఫ్ చేయడానికి వచ్చిన సాలిడ్ స్టేట్ రిలే కొత్త తికమక పెట్టింది. అది చెడితే తరచు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది, వేడి అదుపు తప్పుతుంది, తప్పు మళ్లీ ఎలిమెంట్ మీదికే వస్తుంది. గత పదిహేనేళ్లుగా వాడుకలోకి వచ్చిన ఆల్-ఇన్-వన్ బీరు యంత్రాల్లో చాలావాటిలో ఎలిమెంట్ స్టీలు అడుగు పలక కిందకు వెళ్లి కంటికే కనిపించకుండా పోయింది. మాల్ట్ పిండి ఆ పలక మీద పేరుకుని మాడితే కట్-అవుట్ మరుగు మధ్యలో పడిపోతుంది. రీసెట్ బటన్ కింద ఉన్న మోడల్‌లో వేడి రసం మొత్తం వేరే పాత్రలోకి తోడితే గానీ దాన్ని అందుకోలేం. మాడు గోకకుండా బటన్ నొక్కితే కాసేపటికే మళ్లీ ఆగుతుంది. కాబట్టి ఈ తరం యంత్రంలో మీటర్ పట్టేముందు కరెంటు తీసి, రసం తోడి, ఆ పలకను చూడాలి.