ఆకాశమునుండి ఛాయాచిత్రములు

విమానపు కిటికీ ప్రక్కన కూర్చున్న ప్రయాణికునకు క్రింది పొలములు గళ్ళ దుప్పటివలె కనబడును. ఆ దృశ్యమును ఫొటో తీసికొనవలెనని ఎవరికైనను తోచును. ఇట్టి ఫొటోలు వేడుకకు మాత్రమే పనికివచ్చునవి కావు. నేలపై నిలిచి వెదకినపుడు కానరాని ప్రాచీన నిర్మాణములు పెక్కు వీనివలననే బయటపడినవి.

ఈ విద్య విమానముకంటె పాతది. పారిస్ నగరమున ఫొటోగ్రాఫరుగా పేరు పొందిన నాదార్ 1858లో బెలూనునుండి ఫొటోలు తీయుటకు పూనుకొనెను. ఆ దినములలో గాజుపలకకు మందు పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడుగవలసి యుండెను. అందుచేత బెలూను బుట్టయే చీకటిగది అయ్యెను. ఎన్నిసార్లు ఎగిరినను పలకలు నల్లబడిపోవుచుండెను. బెలూను మూతినుండి వెలువడు వాయువే మందును చెరచుచున్నదని తుదకు తేలెను. మూతి మూసి ఎగిరిన దినమున పలకపై కొన్ని ఇండ్లు అస్పష్టముగా కనబడినవి. ఆ ఫొటో నేడు లభ్యము కాదు. ఆకాశమునుండి తీసిన వానిలో నేటికి నిలిచియున్న మొదటి ఫొటో, 1860 అక్టోబరు 13న జేమ్స్ వాలెస్ బ్లాక్ అమెరికాలోని బోస్టను నగరముపై సుమారు 1,200 అడుగుల ఎత్తునుండి తీసినది.

1871లో మాడాక్స్ అను ఆంగ్ల వైద్యుడు జెలటిన్‌తో పొడి పలకలను తయారుచేయు మార్గము చూపెను. చీకటిగదిని వెంట మోయు పని తప్పెను. 1888లో ఫ్రాన్సులో బాతూ గాలిపటమునకు కెమెరా కట్టి ఫొటోలు తీసెను. 1909లో రోము సమీపమున విల్బర్ రైట్ నడిపిన విమానమునుండి చలనచిత్రము తీయబడెను. 1914–18 యుద్ధములో శత్రువుల కందకములను కనుగొనుటకు విమానములనుండి వేలకొలది ఫొటోలు తీసిరి. నీడను బట్టి గుంట ఏదో దిబ్బ ఏదో గుర్తించు నేర్పు అప్పుడే అలవడెను.

ఆ యుద్ధమున విమానములలో పరిశీలకుడుగా పనిచేసిన క్రాఫర్డ్, 1920లో బ్రిటిష్ సర్వే శాఖలో పురాతత్త్వాధికారిగా చేరెను. సైనిక వైమానికులు శిక్షణకై 1921లో తీసిన కొన్ని ఫొటోలు అతని చేతికి వచ్చినవి. అవి స్టోన్‌హెంజ్ అను ప్రసిద్ధమైన రాతి స్తంభముల వలయమునకు సమీపమున తీసినవి. ఆ వలయమునుండి బయలుదేరు ప్రాచీన మార్గము కొంత దూరము సాగి, పొలములలో అంతరించినట్లు ఉండెను. 1923లో క్రాఫర్డ్ ఆ ఫొటోలను పరీక్షింపగా, పైరుల నడుమ రెండు సన్నని సమాంతర రేఖలు కనబడినవి. అవి ఆ మార్గమునకు ఇరువైపుల నుండిన కాలువల జాడలు. త్రవ్వి చూడగా కాలువలు నిజముగానే ఉండెను. ఫొటోలు తీసినవారు వెదకినది అది కాదు. అయినను పలక దానిని దాచియుంచెను.

పూడిపోయిన కాలువ పైరుపై ఎట్లు కనబడును? పూడిన గుంటలో మట్టి లోతుగా ఉండి తేమను నిలుపును. అచ్చటి పైరు ఏపుగా పెరిగి, ఎక్కువ కాలము పచ్చగా నుండును. భూమిలో రాతిగోడ ఉన్నచోట వేరు లోతునకు పోజాలక పైరు గిడసబారి ముందుగా పండును. గట్టుమీద నిలిచినవానికి ఇది అక్కడక్కడ రంగు తేడాగా మాత్రమే తోచును. పైనుండి చూచినచో ఆ తేడాలన్నియు కలిసి వలయముగనో చతురస్రముగనో రూపొందును.

1925 డిసెంబరులో ఇన్‌సాల్ అను వైమానికుడు స్టోన్‌హెంజ్‌కు సుమారు 3 కిలోమీటర్ల దూరమున ఒక వలయమును, దానిలో తెల్లని చుక్కలను చూచెను. పూర్వులు దానిని చదునైపోయిన సమాధి దిబ్బగా ఎంచిరి. మరుసటి వేసవిలో అచ్చట గోధుమ పెరిగినపుడు తీసిన ఫొటోలలో వరుసలు వరుసలుగా నల్లని చుక్కలు కనబడినవి. త్రవ్వకములు జరుపగా, అవి కొయ్య స్తంభములు పాతిన గుంటలని తేలెను. ఆ స్థలమునకు వుడ్‌హెంజ్ అని పేరు వచ్చెను.

ఇట్టి గుర్తులు ఏటేట కనబడవు. కరవు సంవత్సరములలో కొద్ది దినములు మాత్రము స్పష్టమగును. వాన పడినచో మాయమగును. 2018 జూలైలో ఐర్లండులో ఎండలు మెండుగా కాసినపుడు, న్యూగ్రేంజ్ సమీపమున డ్రోనుతో తీసిన ఫొటోలలో అంతవరకు ఎవరును ఎరుగని పెద్ద వలయము బయటపడెను. మరొకవైపు నాగలి ఏటేట ఆ గుంటల అంచులను కొంచెము కొంచెముగా కోయుచునే యుండును. గుర్తు కనబడిన దినమున ఫొటో తీయనిచో, మరల కనబడు వేళకు క్రింద మిగిలినది తగ్గియుండవచ్చును. కావున ఆకాశమునుండి తీసిన ఫొటోను తేదీతోను, స్థలము పేరుతోను భద్రపరచవలెను. తీసినవాడు గమనింపనిది తరువాత చూచువాడు గమనింపవచ్చును.