తీగకు ముందు రేణువు: నానోతీగ వాయు సెన్సర్ల చరిత్రపై ఒక పరిశీలన

అర్ధవాహక నానోతీగలతో నిర్మించిన వాయు సెన్సర్ల చరిత్రను సాధారణంగా 2002తో ఆరంభిస్తారు. తీగ సన్నబడింది, ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం పెరిగింది, అందుచేత సున్నితత్వమూ పెరిగింది అన్నది ప్రచారంలో ఉన్న కథనం. ఇది అసత్యం కాదు గాని అసంపూర్ణం. తీగ ఎంత సన్నగా ఉండాలో, ఎందుకుండాలో చెప్పగల సిద్ధాంతాన్ని అంతకు పదేళ్ళ ముందే, కాల్చి గట్టిపరచిన ఆక్సైడ్ రేణువులపై పనిచేసిన పరిశోధకులు రూపొందించారు. ఆ వారసత్వాన్ని విస్మరిస్తే నానోతీగ వల్ల వచ్చిన అసలు మార్పు మరుగున పడుతుంది.

పరిసరాలలోని వాయువు అర్ధవాహక ఉపరితలపు విద్యుత్ స్థితిని మారుస్తుందని బ్రాటైన్, బార్డీన్ 1953లో జెర్మేనియంపై చూపారు. ట్రాన్సిస్టర్ నిర్మాతలకు అది ఒక బెడద. జపానులో అదే గుణం ఉపకరణంగా మారింది. 1962లో క్యూషూ విశ్వవిద్యాలయానికి చెందిన సెయియామా బృందం వేడిచేసిన జింక్ ఆక్సైడ్ పొరతో వాయువులను గుర్తించే పద్ధతిని ప్రకటించింది. ఆ కాలంలోనే నవోయోషి తగుచి టిన్ ఆక్సైడ్‌ను ఎంచుకొన్నాడు. ఇళ్ళలో వంటగ్యాస్ పేలుళ్ళను నివారించాలన్నది ఆయన సంకల్పం. ఆయన సెన్సర్ 1968 నాటికి విపణిలోకి వచ్చింది.

ఇది పనిచేసే తీరు సరళమే. గాలిలోని ఆక్సిజన్ వేడి టిన్ ఆక్సైడ్‌పై అధిశోషణం చెంది ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది. ఉపరితలం కింద ఎలక్ట్రాన్లు లోపించిన పొర ఏర్పడి నిరోధం పెరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ వంటి వాయువు వచ్చి ఆ ఆక్సిజన్‌తో చర్య జరిపితే ఎలక్ట్రాన్లు తిరిగి చేరి నిరోధం తగ్గుతుంది. అయితే ఈ మార్పు రేణువు మొత్తాన్ని ఎప్పుడు శాసిస్తుంది? క్యూషూలోనే యమజోయె బృందం 1991లో దీనికి సమాధానమిచ్చింది. తాము పరీక్షించిన టిన్ ఆక్సైడ్‌లో లోపపు పొర మందం సుమారు 3 నానోమీటర్లని, రేణువు వ్యాసం దానికి రెట్టింపు, అంటే 6 నానోమీటర్ల దరికి దిగినప్పుడు సున్నితత్వం ఒక్కసారిగా ఎగబాకుతుందని తేల్చింది. చిక్కల్లా ఒక్కటే: అంత చిన్న రేణువులు వందల డిగ్రీల వేడిలో ఒకదానితో ఒకటి కలిసి పెరిగిపోతాయి.

నానోతీగ ఈ సందర్భంలో ప్రవేశించింది. 2001లో జార్జియా టెక్‌లో పాన్, దాయ్, వాంగ్ ఆక్సైడ్ పొడులను ఆవిరిచేసి 30 నుంచి 300 నానోమీటర్ల వెడల్పుగల ఏకస్ఫటిక పట్టీలను పెంచారు. మరుసటి ఏడు ఇటలీలోని బ్రెషా విశ్వవిద్యాలయపు కొమిని బృందం వారితో కలిసి టిన్ ఆక్సైడ్ పట్టీలతో కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఇథనాల్‌లను గుర్తించింది.

ఇక్కడ ఒక విషయం గమనార్హం. 6 నానోమీటర్ల గీటురాయిపై పెడితే ఈ పట్టీలు, తీగలు చాలావరకు లావైనవే. లోపపు పొర లోతు ఎలక్ట్రాన్ల సాంద్రతను బట్టి మారుతుంది. సాంద్రత తక్కువైన ఏకస్ఫటికంలో అది పదుల నానోమీటర్లకు చేరగలదు. కనుక వైరుధ్యం లేదు. కానీ ‘సన్నన కాబట్టి సున్నితం’ అన్న సూత్రం తనంతట తాను నిలవదు. నా దృష్టిలో నానోతీగ తెచ్చిన ప్రధాన ప్రయోజనం వేరు. రేణువుల సముదాయంలో సరిహద్దులు, రంధ్రాలు, అతుకులు అన్నీ కలిసి ఒకే నిరోధంగా కనిపిస్తాయి. ఒంటరి తీగలో ఆ గందరగోళం చాలావరకు తొలగుతుంది. వేడికి స్ఫటికం చెదరదు కూడా. 2005లో కోల్మకోవ్, మాస్కొవిట్స్ బృందం ఒకే టిన్ ఆక్సైడ్ తీగను పలాడియం కణాలు అద్దక ముందూ అద్దిన తరువాతా పరీక్షించి, ఉత్ప్రేరకం పాత్రను విడిగా చూపగలిగింది. పాత సెన్సర్లలోనూ పలాడియం ఉండేది. దాని ప్రభావాన్ని అంత స్పష్టంగా వేరుచేసి చూడడం వాటిలో కష్టం.

వేడి అవసరాన్ని తగ్గించే ప్రయత్నాలూ ఈ దారిలోనివే. 2002లో బర్క్‌లీలో పెయ్‌డాంగ్ యాంగ్ బృందం అతినీలలోహిత కాంతి సాయంతో గది ఉష్ణోగ్రతలోనే నైట్రోజన్ డయాక్సైడ్‌ను గుర్తించింది. 2008లో బార్సిలోనాకు చెందిన ప్రాదెస్ బృందం తీగలో ప్రవహించే కొలత విద్యుత్తే దాన్ని వేడెక్కించేలా చేసి, ఖర్చును మైక్రోవాట్ల స్థాయికి దించింది.

ఇక మిగిలినది వివక్ష. నిరోధం తగ్గిందంటే వచ్చినది కార్బన్ మోనాక్సైడా, ఇథనాలా అన్నది ఒంటరి తీగ చెప్పలేదు. గాలిలోని తేమ కూడా దాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఒక్కొక్క తీగను ఎలక్ట్రోడ్ల మధ్య అమర్చడం మరో శ్రమ. 2007లో సిసోయెవ్, కోల్మకోవ్ తదితరులు టిన్ ఆక్సైడ్ తీగలను చిక్కుపడిన చాపలా పరచి, పలు విభాగాలుగా కొలిచి, వచ్చిన సంకేతాల నమూనాతో వాయువులను వేరుపరిచారు. అలా తీగల మధ్య అతుకులు సెన్సర్‌లోకి మళ్ళీ వచ్చి చేరాయి.