అంకెకు ముందు చింతపిక్క: భిలాయి బాలవాడీల్లో చేతులతో నేర్చే గణితం

భిలాయి ఉక్కు నగరంలో చిరునామా అంటే సంఖ్యల వరుసే. ఏ సెక్టారు, ఏ వీధి, ఏ క్వార్టరు అన్నది చాలావరకు అంకెలతోనే తెలుస్తుంది. నాలుగేళ్ల పాపకు, ఎక్కడైనా తప్పిపోతే చెప్పగలగాలని, తల్లిదండ్రులు ముందుగా కంఠస్థం చేయించేది ఆ వరుసనే. ‘సెక్టార్ సెవెన్’ అని పాప తడుముకోకుండా చెబుతుంది. అదే పాప ముందు గిన్నెడు చింతపిక్కలు పెట్టి ‘ఏడు ఇవ్వమ్మా’ అని అడిగితే, చేతికి అందినన్ని తీసి గుప్పెడు ఇచ్చేస్తుంది. ఆమెకు ‘ఏడు’ అనే మాట తెలుసు, ఏడంటే ఎన్నో ఇంకా తెలియదు. ఈ రెండింటి మధ్య దూరాన్ని దాటించడమే పూర్వ ప్రాథమిక గణిత బోధన చేయవలసిన పని. పలకా బలపాల కంటే ముందు అందుకు కావలసింది చేతిలోకి తీసుకుని చూడగల వస్తువు.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న ఈ కర్మాగారం దేశం నలుమూలల నుంచీ శ్రామికులను రప్పించింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు వారిలో చెప్పుకోదగినన్ని ఉన్నాయి. ఇప్పుడు బడి ఈడుకు వస్తున్నది ఆ కుటుంబాల్లో మూడో తరమో నాలుగో తరమో. ఇంట్లో మామ్మ తెలుగులో లెక్కపెడుతుంది. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ వినిపిస్తాయి. నర్సరీలో ఇంగ్లీషు అంకెలు చెబుతారు. ‘ఐదు’, ‘పాంచ్’, ‘ఫైవ్’ మూడూ ఒకే సంగతి చెబుతున్నాయని పసివాడికి ఎవరు చెప్పాలి? అరచేతిలోని ఐదు గవ్వలే చెప్పాలి.

లెక్కపెట్టడంలో దాగిన నియమాలు

పెద్దలకు లెక్కపెట్టడం ఒకే పనిగా తోస్తుంది. రోచెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో వెలువరించిన గ్రంథంలో దానిని ఐదు నియమాలుగా విడదీసి చూపారు. ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క మాటే వాడాలి. మాటల వరుస మారకూడదు. చివరగా పలికిన మాట మొత్తం ఎన్ని అన్నది తెలుపుతుంది. దేనినైనా లెక్కించవచ్చు. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు.

వీటిలో పిల్లలు ఎక్కువ కాలం తడబడేది మూడో నియమం దగ్గరే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని వేలు పెట్టి చక్కగా లెక్కపెట్టిన పిల్లవాడిని ‘అయితే ఎన్ని ఉన్నాయి?’ అని అడిగితే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతాడు. ఆ ప్రశ్నకు లెక్కపెట్టి చూపడమే జవాబని అతడు అనుకుంటాడు. ‘ఇన్ని ఇవ్వు’ అని అడిగి చూడటం ఈ అవగాహనను పట్టుకునేందుకు సులువైన మార్గం. పిల్లలు మొదట ఒకటిని, కొన్ని నెలలకు రెండును, మరికొన్ని నెలలకు మూడును సరిగ్గా ఇవ్వగలుగుతారు. ఆ తరువాత ఎప్పుడో ఒక్కసారిగా సూత్రం పట్టుబడి, తమకు తెలిసిన మాటలన్నింటికీ దానిని వర్తింపజేస్తారు. ఈ క్రమం నెలల తరబడి సాగుతుంది కనుక, ‘మీ అమ్మాయికి వంద వరకూ వచ్చా?’ అనే ఇరుగుపొరుగు ప్రశ్నకు పెద్ద విలువ లేదు.

మాటలోనే ఉన్న పది

భాష వద్ద కాస్త ఆగాలి. తెలుగులో ఇరవై దాటాక సంఖ్యల పేర్లు తేటగా ఉంటాయి. ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై తొమ్మిది అంటూ పదులు ముందు, ఒకట్లు తరువాత వస్తాయి. అంకెల్లో రాసే వరుసా అదే. హిందీలో ‘ఇక్కీస్’, ‘బాయీస్’ వంటి మాటలను దాదాపు విడివిడిగానే గుర్తుంచుకోవాలి. వాటిలో ఒకట్ల ఛాయ ముందు, పదుల ఛాయ వెనుక వినిపిస్తాయి. ఇరవై తొమ్మిదిని చెప్పే ‘ఉన్‌తీస్’కు అర్థం ‘ముప్పైకి ఒకటి తక్కువ’. పెద్దలు సైతం ‘ఉన్‌తాలీస్’, ‘ఉన్‌చాస్’ల దగ్గర ఒక క్షణం ఆగడం బజారులో చూస్తూనే ఉంటాం. తెలుగులోనూ పదకొండు నుంచి పందొమ్మిది వరకూ కొంత మెలిక ఉన్నా, ‘పది’ జాడ మాత్రం చెవికి అందుతూనే ఉంటుంది.

హిందీ కష్టమనో తెలుగు గొప్పదనో చెప్పడానికి ఈ పోలిక కాదు. హిందీ మాటలు నేర్చిన పిల్లలూ గణితంలో రాణిస్తూనే ఉన్నారు. కానీ ఇంట్లో ఉచితంగా దొరుకుతున్న ఒక తేట పనిముట్టును ‘బడిలో కుదరదు’ అని పక్కన పెట్టేస్తున్నామన్నది వాస్తవం. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇరవైని ఒక కట్టగా భావించి ‘కోరీ’ల లెక్కన ఎంచే అలవాటు ఉంది. అదీ పిల్లలకు చూపదగినదే. పుల్లలను పదేసి కట్టలుగా కట్టిన రోజున రెండు కట్టలు పక్కపక్కన పెట్టి, తెలుగు ఇంటి పిల్ల ‘ఇరవై’ అని, పొరుగింటి పిల్ల ‘ఏక్ కోరీ’ అని చెప్పడం వినగానే, వస్తువు ఒకటే, పేర్లు వేరని తరగతికి అర్థమవుతుంది.

గదిలో చేయదగినవి

అన్నింటికంటే తేలికైన కృత్యం భోజన వేళ దొరుకుతుంది. పళ్ళేలు పంచే పని రోజుకొకరికి అప్పగించాలి. ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క పళ్ళెం. ఒకరికి తక్కువైతే దీదీ వెంటనే అందించకూడదు. ‘ఇంకా ఎన్ని కావాలి?’ అని అడిగి వేచి ఉండాలి. పిల్ల లేచి వెళ్లి అన్నీ ఒకేసారి తెస్తుందా, ఒక్కొక్కటిగా నాలుగుసార్లు తిరుగుతుందా అన్నది ఆమె ఏ మెట్టు మీద ఉందో చెప్పేస్తుంది. ఇందుకు ప్రత్యేక సామగ్రి గానీ, విడిగా ఒక పీరియడు గానీ అక్కర లేదు.

ఉక్కు నగరానికి తగినది మరొకటి ఉంది. పిల్లలను కళ్లు మూసుకోమని, స్టీలు గిన్నెలో చింతపిక్కలను ఒక్కొక్కటిగా జారవిడవాలి. టంగుమన్న ప్రతి శబ్దానికీ పిల్లలు మనసులోనే లెక్కపెట్టి, చివర అన్ని వేళ్లు చూపాలి. కళ్లు తెరిచి గిన్నెలోవి లెక్కించి సరిచూసుకోవాలి. చూసేవాటినే కాక వినేవాటినీ లెక్కించవచ్చన్న నియమం ఇలా పట్టుబడుతుంది. మూడుతో మొదలుపెట్టి ఐదు దాకా చాలు. రేడియో వినే ఇళ్లలోనూ ఇది సాయంత్రం ఆడించవచ్చు.

వామనగుంటలు తెలుగు పిల్లలకు పాత ఆటే. పూర్తి ఆటకు పద్నాలుగు గుంటలు కావాలి గానీ, నాలుగేళ్ల వారికి కోడిగుడ్ల అట్ట నుంచి కత్తిరించిన ఐదు గుంటల వరుస సరిపోతుంది. ఒక గుంటలోని పిక్కలను తీసి, తరువాతి గుంటల్లో ఒక్కొక్కటి చొప్పున వేస్తూ పోవాలి. ఒకదానికొకటి జోడించడం నోటితో కాక చేతితోనే జరుగుతుంది. ఖాళీ అయిన గుంటను చూపి ‘ఇందులో ఎన్ని?’ అని అడగడం మరచిపోకూడదు. సున్నాను పరిచయం చేయడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. మరియా మాంటిస్సోరి రూపొందించిన కదురు పుల్లల పెట్టెలోనూ సున్నా గడిని ఖాళీగానే వదిలేస్తారు.

ఇంకాస్త పెద్దవారికి దాపుడు ఆట బాగుంటుంది. ఐదు పిక్కలు చూపి, కొన్నింటిని గిన్నె కింద దాచి, బయట మిగిలినవి చూపాలి. లోపల ఎన్ని? ఐదంటే మూడూ రెండూ, నాలుగూ ఒకటీ అన్న విడగొట్టడం ఇక్కడే వేళ్లకు అలవాటవుతుంది. ఒకటో తరగతిలో కూడికలు, తీసివేతలు వచ్చినప్పుడు అక్కరకు వచ్చేది ఇదే.

తెలుగువారి తొక్కుడుబిళ్లను ఇక్కడ ‘బిల్లస్’ అంటారు. 2022 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఛత్తీస్‌గఢియా ఒలింపిక్స్‌లో గిల్లీదండా, ఫుగడీ, బాంటీలతో పాటు దీనికీ చోటు దక్కింది. తరగతి కోసం గళ్లను అడ్డదిడ్డంగా కాక ఒకే వరుసలో, ఒకే కొలతతో, ఒకటి నుంచి పది వరకూ గీయాలి. పిల్ల నాలుగో గడిలో ఉండి రెండు పడితే ‘ఐదు, ఆరు’ అంటూ గెంతాలి, ‘ఒకటి, రెండు’ అనకూడదు. ఇది చిన్న సవరణలా కనిపించినా, ఫలితమంతా ఇందులోనే ఉంది. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని పేద కుటుంబాల పసిపిల్లలు ఇటువంటి వరుస అంకెల పలకపై మొత్తం గంటసేపు, కొన్ని విడతలుగా ఆడినంత మాత్రాన సంఖ్యల పోలికలో, గుర్తింపులో, లెక్కింపులో మెరుగుపడినట్లు తేలింది. గళ్లలో అంకెల బదులు రంగులు మాత్రమే ఉన్న పలకపై ఆడిన పిల్లల్లో ఆ మెరుగు కనబడలేదు.

కొలతలకు బియ్యం, నీళ్లు, ఇసుక. ఇంట్లో పాత సోలా తవ్వా ఉంటే తరగతికి తేవాలి. రెండు సోలలు ఒక తవ్వ అని చెప్పకుండా పిల్లలనే పోసి చూడనివ్వాలి. స్థానిక రైతు ఇళ్లలో ధాన్యం కొలిచే ‘కాఠా’ దొరికితే మరీ మంచిది. పొడవాటి గ్లాసులోని నీళ్లు వెడల్పు గిన్నెలో పోస్తే తగ్గాయని నాలుగేళ్ల వారు గట్టిగా వాదిస్తారు. జీన్ పియాజే వివరించిన ప్రసిద్ధ పరిశీలన అది. వాదనలో గెలవడానికి ప్రయత్నించనవసరం లేదు, తిరిగి గ్లాసులో పోయమంటే చాలు. ఇక సంక్రాంతి ముగ్గుల చుక్కల వరుసలు, ఛత్తీస్‌గఢీ ఇళ్లలో పండుగలకు బియ్యప్పిండితో వేసే ‘చౌక్’ నమూనాలు, ఆకృతులకూ పునరావృత క్రమాలకూ సిద్ధంగా ఉన్న పాఠాలు.

ఆట ఒక్కటే సరిపోతుందా

ఈ ప్రశ్నకు మన దేశం నుంచే ఒక సమాధానం ఉంది, అది కొంత నిరాశ కలిగించేదే. ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు ఢిల్లీలో 214 పూర్వ ప్రాథమిక కేంద్రాల్లో 1,540 మంది పిల్లలపై జరిపిన అధ్యయనంలో కొందరితో నాలుగు నెలలు గణిత ఆటలు ఆడించి, ఫలితాలను 2017లో ‘సైన్స్’ పత్రికలో వెల్లడించారు. ఏ గుంపులో ఎక్కువ ఉన్నాయో చూడగానే పోల్చగల సహజ నైపుణ్యం మెరుగుపడింది, ఆ మెరుగు నిలిచింది కూడా. కానీ బడిలో నేర్పే గణితంలో మాత్రం ఆ పిల్లలకు అదనపు ప్రయోజనం కనబడలేదు.

దీనిని ఆటలకు వ్యతిరేకంగా చదివితే పొరపాటవుతుంది. ఆ ఆటలు ప్రధానంగా అంకెల గుర్తులతో పని లేనివి. రమణి, సీగ్లర్ పలకపై గడి, మాట, అంకె మూడూ ఒకచోట ఉన్నాయి. రెండు అధ్యయనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రచయితకు తోచేది ఒకటే: వస్తువు చేతిలో ఉండగానే దాని పేరు నోట పలకాలి, పలుకుతుండగానే అంకె గుర్తు కంట పడాలి. ఐదు పిక్కల పక్కన ‘5’ అని రాసిన అట్టముక్క ఉండాలి. ఆ మాట పిల్లకు బాగా తెలిసిన భాషలో ముందు వినిపించి, తరువాత మిగిలిన భాషల్లో వినిపించాలి. పిక్కలు విడిగా, పలక విడిగా నడిచే తరగతిలో పిల్లలు ఆడుకుంటారు, రాసుకుంటారు కూడా, కానీ రెంటికీ లంకె కుదరదు.

విధానాల సంగతి

చేతులతో నేర్పడం కొత్త ఆలోచన కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో, రోమ్‌లో మాంటిస్సోరి 1907లో, భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో ఆరంభించిన బాలల గృహాలన్నీ ఈ బాటలోనివే. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంగన్‌వాడీలకు పునాది అయిన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా గుర్తించి, వీలైన చోట ఇంటి భాషలో బోధనను కోరింది. 2021 జులై 5న ఆరంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026-27 నాటికి మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్కించడం రావాలని గడువు పెట్టుకుంది. 2023 ఫిబ్రవరి 20న విడుదలైన ‘జాదుయీ పిటారా’ ఆట సామగ్రి పెట్టె కూడా ఈ పరంపరలోనిదే. ఐదారేళ్ల పిల్లల కోసం ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2022 సెప్టెంబరు 5న బాలవాడీ పథకాన్ని ప్రారంభించింది.

పెట్టె రాని చోట చింతపిక్కలు, సీసా మూతలు, ఐస్‌క్రీము పుల్లలు అదే పని చేస్తాయి. కొరత నిజంగా ఉన్నది వేచి చూసే ఓపికకే. ఆడుకుంటున్న పిల్లలను చూసి ‘ఏమీ నేర్పడం లేదు’ అనుకునే తల్లిదండ్రులకు, నింపిన నోటుపుస్తకం ఇచ్చే భరోసా గవ్వలు ఇవ్వవు. అందుకే కొన్ని కేంద్రాలు నెలకొకసారి తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ‘ఇన్ని ఇవ్వు’ ఆటను వారి కళ్లెదుటే ఆడిస్తే మంచిది. మామ్మలను పిలిస్తే ఇంకా మేలు, వామనగుంటల నియమాలు వారికే తెలుసు.

ఒక జాగ్రత్త. చింతపిక్కలు, గవ్వలు, పూసలు మూడేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకూడదు. నోట్లోనో ముక్కులోనో పెట్టుకునే ప్రమాదం ఉంది, వారికి గుప్పిట పట్టనంత పెద్ద వస్తువులే వాడాలి. పెద్ద పిల్లలకు ఇచ్చేటప్పుడు కూడా డబ్బాలో ఎన్ని ఉన్నాయో మూత మీద రాసి, ఆట ముగిశాక పిల్లల చేతనే లెక్కపెట్టించి తిరిగి వేయించాలి. ఒకటి తక్కువైతే అది దొరికే దాకా ఎవరూ చాప మీద నుంచి లేవకూడదు.