ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లో కాలేయ క్యాన్సర్ ముప్పు: చరిత్ర

ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అంటే శరీర రక్షణ వ్యవస్థ సొంత కాలేయ కణాల మీదే దాడిచేసే దీర్ఘవ్యాధి. స్త్రీలలో ఎక్కువ. వాపు ఏళ్ళ తరబడి ఆరకపోతే కాలేయం మచ్చలు పడి గట్టిపడుతుంది. అదే సిర్రోసిస్. హెపటోసెల్యులర్ కార్సినోమా అనే కాలేయ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ ఆ దశలోనే మొదలవుతుంది. ఈ ముప్పు ఎంత అన్నదానిపై వైద్యుల అభిప్రాయం అర్ధ శతాబ్దంలో చాలా మారింది.

1950లో స్వీడన్ వైద్యుడు యాన్ వాల్డెన్‌స్ట్రోమ్ రక్తంలో గామా గ్లోబులిన్లు విపరీతంగా పెరిగిన యువతుల్లో ఒక మొండి హెపటైటిస్‌ను వర్ణించాడు. 1956లో మెల్‌బోర్న్‌లో ఇయాన్ మెకే బృందం దానికి లూపాయిడ్ హెపటైటిస్ అని పేరు పెట్టింది; ఇప్పటి ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అదే. అప్పట్లో క్యాన్సర్ ప్రస్తావనే లేదు. తీవ్రంగా జబ్బుపడినవారు అంతకాలం బతికేవారు కాదు. ఆ పరిస్థితిని మార్చింది స్టెరాయిడ్లు. లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో షీలా షెర్లాక్ బృందం 1971లో ప్రకటించిన పరీక్షలో ప్రెడ్నిసోలోన్ తీసుకున్న 22 మందిలో ముగ్గురు చనిపోగా, తీసుకోని 27 మందిలో 15 మంది చనిపోయారు. బతికినవారిలో చాలామంది సిర్రోసిస్‌తోనే వయసు మీరారు. క్యాన్సర్‌కు కావలసిన వ్యవధి అలా దొరికింది.

1981లో అదే ఆసుపత్రి వైద్యులు ఇలాంటి రోగుల్లో కాలేయ క్యాన్సర్‌ను నమోదు చేశారు. అయితే ఈ వ్యాధి వల్లే క్యాన్సర్ వచ్చిందని నమ్మడానికి చాలామంది వెనకాడారు. హెపటైటిస్ బి వైరస్ క్యాన్సర్ తెస్తుందని అప్పటికే తెలుసు. 1989లో హెపటైటిస్ సి వైరస్ కూడా బయటపడింది. పాత కేసుల్లో అసలు దోషి దాగిన వైరస్సేనేమో అన్న అనుమానం సహేతుకమే. వైరస్ పరీక్షలు వచ్చాక కూడా 2000లో అమెరికాలోని మేయో క్లినిక్ 212 మంది రోగులను పరిశీలించి, ఈ క్యాన్సర్ చాలా అరుదని తేల్చింది.

2008లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి లెక్కలు ఆ ధీమాను సడలించాయి. 243 మందిలో 15 మందికి క్యాన్సర్ వచ్చింది. అందరికీ సిర్రోసిస్ ఉంది. సిర్రోసిస్ తేలిన నాటి నుంచి క్యాన్సర్ బయటపడడానికి పట్టిన కాలం మధ్యస్థంగా ఎనిమిదిన్నరేళ్ళు. కొద్దికాలమే గమనించిన అధ్యయనాలకు క్యాన్సర్ అరుదుగా కనిపించడంలో వింతేమీ లేదు. 2017లో 25 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ, రోగ నిర్ధారణ నాటికే సిర్రోసిస్ ఉన్నవారిలో ఏడాదికి వెయ్యికి సుమారు 10 మందికి క్యాన్సర్ వస్తుందని లెక్కగట్టింది. వైరల్ హెపటైటిస్ వల్ల వచ్చే సిర్రోసిస్‌లోకంటే ఇది తక్కువే.

క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ సిర్రోసిస్ తర్వాతే వస్తుంది కాబట్టి జబ్బును ఎంత తొందరగా పట్టుకున్నామన్నదే కీలకం. కానీ ఇది కొందరిలో లక్షణాలేవీ లేకుండానే ముదురుతుంది. ఉదాహరణకు, కోవిడ్ రోజుల్లో రోగనిరోధక శక్తి కోసం తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్నవారిపై హైదరాబాద్ వైద్యులూ పాల్గొన్న బహుకేంద్ర అధ్యయనం 2022లో వెలువడింది. వారిలో కొందరికి అంతకుముందు తెలియని ఆటోఇమ్యూన్ హెపటైటిస్ ఉన్నట్టు అప్పుడే బయటపడింది.

సిర్రోసిస్ ఉన్నవారికి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయాలని యూరప్ కాలేయ వైద్యుల సంఘం 2015లో సూచించింది. ఏటా 1.5 శాతం ముప్పు ఉంటేనే ఇలాంటి నిఘా ఖర్చుకు తగినదని ఒక పాత లెక్క ఉంది. ఈ వ్యాధిలో ముప్పు దానికి కాస్త దిగువనే నిలుస్తుంది. అయినా సిర్రోసిస్ తేలితే నిఘా పెట్టడమే వాడుకైంది. 2024లో ప్రచురితమైన, 1,428 మందిపై జరిగిన అంతర్జాతీయ అధ్యయనం సిర్రోసిస్‌తో పాటు ఊబకాయాన్నీ ముప్పు పెంచే కారణంగా గుర్తించింది. స్టెరాయిడ్లు బరువు పెంచుతాయి; ఒళ్ళు పెరిగితే అల్ట్రాసౌండ్‌లో చిన్న గడ్డలు స్పష్టంగా కనిపించవు. అలాంటి చోట సిటీ లేదా ఎంఆర్ఐ స్కాన్‌ను ఆశ్రయిస్తున్నారు.